సుబ్బారావు: పుట్ట పెట్టిన పేరు

సుబ్బారావు. ఈ పేరులో రెండు ముక్కలున్నాయి. ఒకటి సుబ్బ, రెండోది రావు. రావు సంగతి తేలిక, అది తర్వాత చూడవచ్చు. కథంతా మొదటి ముక్కలోనే ఉంది. సుబ్బ అనే ఆ రెండక్షరాల వెనక ఒక దేవుడున్నాడు. ఆ దేవుడి వెనక ఒక పాముంది. ఆ పాము ఉండేది పుట్టలో. దేవుడు, పాము, పుట్ట. ఈ మూడు మాటలూ శ్రోతలు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథ దారి తప్పదు.

ముందు దేవుడి సంగతి. సుబ్బ అంటే సుబ్రహ్మణ్యుడు. ఇంత పొడుగు మాట అంత పొట్టిగా ఎలా మారిందని అడగవచ్చు. తెలుగు నోటికి ఇలాంటి పని కొత్త కాదు. ఒక అక్షరం కింద మరో అక్షరం ఒత్తుగా వస్తే, పలకడానికి బరువుగా ఉంటే, నోరు దాన్ని దువ్వి నున్నగా చేసుకుంటుంది. నిద్ర నిద్దర అవుతుంది. ముద్ర ముద్దర అవుతుంది. లక్ష్మి లచ్చి అవుతుంది, సత్యం సత్తి అవుతుంది, విశ్వనాథం విస్సు అవుతాడు, కృష్ణుడు కిట్టయ్య అవుతాడు. అదే దారిలో సుబ్రహ్మణ్యుడు సుబ్బడయ్యాడు. పిలుపు దగ్గరైన కొద్దీ పేరు పొట్టిదవుతుంది. సుబ్రహ్మణ్యం అని పిలిస్తే పీట వేసి కూర్చోబెట్టినట్టుంటుంది. సుబ్బు అని పిలిస్తే చెయ్యి పట్టుకుని లోపలికి లాగినట్టుంటుంది.

సంస్కృతంలో ఈ మాటకు అర్థం ఉంది. బ్రహ్మం అంటే వేదం, పరతత్త్వం. దానికి మేలు చేసేవాడు, దాన్ని ఆదరించేవాడు బ్రహ్మణ్యుడు. ముందున్న సు, మంచి అనే అర్థాన్ని కలుపుతుంది. వేదానికి మంచి చేసేవాడు సుబ్రహ్మణ్యుడు. పిల్లల పేర్ల పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ ఇక్కడ ఆగితే ఒక విచిత్రమైన సంగతి తెలియకుండా పోతుంది.

ఈ మాట దేవుడి పేరు కాకముందు ఒక పిలుపు. సోమయాగంలో పదహారు మంది ఋత్విజులుంటారు. వారిలో సామవేదం పాడే జట్టులో నలుగురు. ఆ నలుగురిలో చివరివాడి పేరే సుబ్రహ్మణ్యుడు. అతని పని ఏమిటంటే, ఇంద్రుణ్ణి యాగానికి రమ్మని గొంతెత్తి పిలవడం. సుబ్రహ్మణ్యోం అని మూడుసార్లు పిలుస్తాడు. ఆ పిలుపుకు సుబ్రహ్మణ్య అని పేరు. సంస్కృత వ్యాకరణంలో అది స్త్రీలింగం కూడా. అంటే ఈ మాట మొదట ఒక కేక, తర్వాత ఆ కేక వేసేవాడి ఉద్యోగం, ఆ తర్వాత దేవుడి పేరు, ఆఖరికి మన ఊళ్ళలో మనుషుల పేరు. ఇంద్రుణ్ణి పిలిచిన మాటతోనే తర్వాతి కాలంలో అమ్మలు పిల్లల్ని అన్నానికి పిలిచారు.

పురాణాల్లో సుబ్రహ్మణ్యుడు శివుడి కొడుకు. దేవతల సేనాపతి. కృత్తికలు పెంచారు కాబట్టి కార్తికేయుడు. ఆరు ముఖాలు కాబట్టి షణ్ముఖుడు. స్కందుడు, కుమారస్వామి, గుహుడు అని ఇంకా ఎన్నో పేర్లు. తమిళనాట ఇతడు మురుగన్. అక్కడ కొండల మీద ఉంటాడు. చేతిలో వేలాయుధం, పక్కన నెమలి.

తెలుగునాట, ముఖ్యంగా కోస్తాలో, ఈ దేవుణ్ణి చూడాలంటే కొండ ఎక్కనక్కర్లేదు. పొలం గట్టు దాకా నడిస్తే చాలు. అక్కడ రావిచెట్టు, వేపచెట్టు కలిసి పెరిగిన అరుగు మీద నల్లరాతి పలక ఉంటుంది. దాని మీద రెండు పాములు మెలికలు వేసుకుని పడగలు ఎత్తి ఉంటాయి. అదే సుబ్బరాయుడు. వేలాయుధం లేదు, నెమలి లేదు. ఉన్నది పాము. మళ్ళీ చెప్పుకుందాం. పురాణంలో సుబ్రహ్మణ్యుడి వాహనం నెమలి. నెమలికి పాముతో వైరం. ఇక్కడ మాత్రం ఆ దేవుడే పాము. తర్కానికి ఇది అందకపోవచ్చు, భక్తికి ఎప్పుడూ అడ్డం రాలేదు.

ఇది మన ఒక్కరి అలవాటు కాదు. పక్కనున్న కన్నడనాట కుక్కే సుబ్రహ్మణ్యలో, ఘాటి సుబ్రహ్మణ్యలో కూడా ఈ స్వామి నాగరూపంలోనే పూజలందుకుంటాడు. పాముకు దండం పెట్టడమూ నిన్న మొన్నటిది కాదు. రెండువేల ఏళ్ళ నాటి అమరావతి స్తూపపు సున్నపురాతి పలకల మీద అయిదు తలల నాగరాజు పడగ విప్పుకుని ఉంటాడు. బౌద్ధుడికీ నాగుడు కావలసివచ్చాడు. ఆ తర్వాత శైవుడికీ కావలసివచ్చాడు. పొలం దున్నే రైతుకు ఎప్పుడూ కావలసినవాడే. పుట్ట మొదటి నుంచీ అక్కడే ఉంది, దానికి దండం పెట్టేవాళ్ళు దేవుడి పేరు మార్చుకుంటూ వచ్చారు.

పుట్ట దగ్గర ఏం జరుగుతుందో చూస్తే పేరు సంగతి బాగా తెలుస్తుంది. దీపావళి వెళ్ళిన నాలుగో రోజు, కార్తిక శుద్ధ చవితి, నాగుల చవితి. తెలంగాణలో చాలాచోట్ల పుట్టలో పాలు పోసేది శ్రావణంలో వచ్చే నాగుల పంచమికి. కోస్తాలో ఈ చవితికి. తెల్లవారకముందే తలంటు పోసుకుంటారు. ముందురోజు నానబోసిన బియ్యం దంచి, బెల్లం కలిపి చలిమిడి చేస్తారు. నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి ఉండలు కడతారు. చెంబులో ఆవుపాలు, పళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు, అరటిపళ్ళు. ఇంటిల్లిపాదీ బయల్దేరుతారు. తడిగట్టు మీద జారకుండా పిల్లల్ని పెద్దవాళ్ళు రెక్క పట్టుకుని నడిపిస్తారు.

పుట్ట దగ్గర కాస్త నేల శుభ్రం చేసి, నీళ్ళు చల్లి, ముగ్గు వేస్తారు. పుట్ట కన్నంలో పాలు పోస్తారు. చలిమిడి ముద్ద, చిమ్మిలి ఉండ లోపల వేస్తారు. పిల్లలు టపాకాయలు కాలుస్తారు, దీపావళికి కొన్నవాటిలో దాచుకున్నవి. ఆఖరున ఇంటి పెద్దావిడ పుట్ట మీద తడిమట్టి చిటికెడు తీసి, వరసగా అందరి చెవులకూ రాస్తుంది. చెవి జబ్బులు రావని నమ్మకం. ఆ చల్లటి మట్టి చెవి తమ్మెకు తగిలినప్పుడు పిల్లలు మెడ ముడుచుకుంటారు. కోస్తా పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఆ చల్లదనం పెద్దయ్యాక కూడా గుర్తుంటుంది.

అక్కడ కోరే కోరిక ఏమిటంటే, ఎప్పుడైనా తెలియక తొక్కితే మన్నించి పక్కకు తప్పుకొమ్మని. ఇందులో వ్యవసాయం ఉంది. కార్తికంలో వరిచేలు పండుతుంటాయి. కొద్ది రోజుల్లో మనుషులు కొడవళ్ళతో చేలోకి దిగుతారు. ఎలుకల కోసం పాము కూడా అదే చేలో ఉంటుంది. ధాన్యాన్ని ఎలుక నుంచి కాపాడేదీ ఆ పామే, కోతకు దిగినవాడి కాలికి అడ్డం పడేదీ ఆ పామే. అందుకే దానితో ఏడాదికొకసారి ఒప్పందం.

ఆ ఒప్పందంలో ఒక మర్యాద కూడా ఉంది. పల్లెల్లో పాముని పాము అనరు. రాత్రిపూట అసలే అనరు. పురుగు అంటారు. నాగుపాము అయితే పేరు పెట్టి, సుబ్బరాయుడు కనిపించాడంటారు. గడ్డివాము పక్కన తాచు కనపడితే, కర్ర తీసుకురమ్మని అరిచే మనిషి పక్కనే, సుబ్బరాయుడ్రా, పోనీ, వెళ్ళిపోతాడు అని దండం పెట్టే ముసలామె ఉంటుంది. పాముకీ మనిషికీ ఒకే పేరు. సుబ్బారావు అనే పేరు సంగతిలో ఇంతకంటే ముఖ్యమైన మాట లేదు.

ఇక పేరు పెట్టడం దగ్గరకు రావచ్చు. పెళ్ళై ఏళ్ళు గడిచినా పిల్లలు కలగకపోతే, పుట్టిన పిల్లలు దక్కకపోతే, అది నాగదోషమని పెద్దలు అనేవారు. ఎప్పుడో ఎవరో పామును చంపారనీ, పుట్టను తవ్వారనీ, దాని ఉసురు తగిలిందనీ. దానికి విరుగుడు మొక్కు. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ చేయించడం, ఆ చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయడం, షష్ఠికి గుడికి వెళ్ళడం. మగపిల్లవాడు పుడితే నీ పేరు పెట్టుకుంటాం స్వామీ అని మొక్కుకోవడం. పిల్లవాడు పుట్టాడు. మాట నిలబెట్టుకోవాలి. పేరు సుబ్బారావు. ఆడపిల్ల పుడితే సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి, సుబ్బాయమ్మ.

అంటే ఈ పేరు అందానికి పెట్టింది కాదు. అర్థం చూసి పెట్టిందీ కాదు. ఇది మొక్కు పేరు. తీర్చుకోవలసిన బాకీ. పిల్లవాణ్ణి పిలిచిన ప్రతిసారీ ఆ బాకీ కొంచెం తీరుతుంది. ఒకే ఇంట్లో పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య ఉండటం చూసి ఈ కాలంవాళ్ళు నవ్వుకుంటారు. పేర్లు దొరకలేదా అంటారు. పేర్లకు కరువు లేదు. రెండో పిల్లవాడికీ అదే మొక్కు. అంతే.

ఆ మొక్కులు తీర్చుకునే చోట్లు ఉన్నాయి. మార్గశిర శుద్ధ షష్ఠిని సుబ్రహ్మణ్య షష్ఠి అంటారు. గోదావరి జిల్లాల్లో సుబ్బరాయుడి షష్ఠి అంటే పెద్ద తీర్థం. అత్తిలిలో, బిక్కవోలులో ఆ రోజు ఇసుక వేస్తే రాలదు. కృష్ణా తీరంలో, అవనిగడ్డ దగ్గర మోపిదేవి ఉంది. అక్కడి గర్భగుడిలో పాము చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టల మీద శివలింగం. తండ్రీ కొడుకూ ఒకే విగ్రహంలో ఉన్నారన్నమాట. ఆ లింగం ఒక కుమ్మరి భక్తుడికి పుట్టలో దొరికిందని స్థలపురాణం. ఇక్కడా పుట్టే. పిల్లలకు చెవులు కుట్టించడానికి, పుట్టువెంట్రుకలు తీయించడానికి, అన్నప్రాశనకు కోస్తా నలుమూలల నుంచీ మోపిదేవికి వస్తారు.

ఈ పేరు ప్రాంతాన్ని బట్టి వేషం మారుస్తుంది. రాయలసీమలో సుబ్బయ్య, సుబ్బన్న, సుబ్బారెడ్డి, సుబ్బరాయుడు ఎక్కువ. గోదావరి జిల్లాల్లో సుబ్బారావు, సుబ్బరాజు. వెంకటేశ్వరుడికి కూడా మొక్కుంటే వెంకటసుబ్బయ్య. పాము సంగతి ఎవరూ మర్చిపోకూడదనుకుంటే నాగసుబ్బారావు. తమిళనాట సుబ్బు, సుబ్బయ్య, సుబ్బులక్ష్మి. మహాకవి సుబ్రహ్మణ్య భారతిని చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు సుబ్బయ్యే. తెలంగాణ పల్లెల్లో మాత్రం ఈ పేరు అంతగా వినిపించదు. అక్కడ మొక్కులు కొమురవెల్లికి, యాదగిరిగుట్టకు, వేములవాడకు. అందుకే అక్కడ మల్లయ్యలు, యాదగిరులు, రాజయ్యలు. మనిషి పేరు వింటే ఆ ఇంటివాళ్ళు ఏ దేవుడి గుమ్మం తొక్కారో తెలిసిపోయేది.

ఇప్పుడు రావు సంగతి. రాజు అనే మాట ప్రాకృతంలో రాయ అయింది. దాని నుంచి తెలుగులో రాయుడు వచ్చింది, రావు వచ్చింది. మరాఠీలోనూ, కన్నడంలోనూ రావు ఉంది. సుబ్బరాయుడన్నా సుబ్బారావన్నా అర్థం ఒకటే, సుబ్బ అనే రాజు. కాకపోతే వాడుకలో రాయుడు పుట్ట దగ్గర ఉండిపోయాడు, రావు కచేరీకి వెళ్ళాడు. కోస్తాలో రావు ఒక కులానిది కాదు. చాలా కులాలవాళ్ళు పేరు చివర గౌరవంగా పెట్టుకున్నారు. ఇంగ్లీషు చదువులు వచ్చాక, బడి పట్టీలో సుబ్బయ్య అని రాయించడం కంటే సుబ్బారావు అని రాయించడం కొంచెం పెద్దరికంగా అనిపించింది. ఇంట్లో సుబ్బడు, బళ్ళో సుబ్బారావు.

ఇంట్లో ఇంకో చిక్కు ఉండేది. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు. అదీ ఆచారమే. రెండు ఆచారాలూ ఒకే ఉయ్యాలలో పడితే? మామగారు సుబ్బారావు, కొడుకు సుబ్బారావు. తల్లి తన కొడుకునే పేరు పెట్టి పిలవలేదు. అందుకని తాతా అని, అయ్యా అని, చిన్నా అని, బుజ్జీ అని పిలిచేది. ఆ పిలుపే ఊళ్ళో స్థిరపడేది. ఎనభై ఏళ్ళ పెద్దాయన్ని ఊరంతా బుజ్జి అంటుంటే కొత్తవాళ్ళకు ఆశ్చర్యం. ఆయన అసలు పేరు పెళ్ళి శుభలేఖలోనో, భూమి పత్రాల్లోనో తప్ప కనపడేది కాదు.

ఊళ్ళో అయిదుగురు సుబ్బారావులుంటే ఎలా? కరణం సుబ్బారావు, కొట్టు సుబ్బారావు, పొట్టి సుబ్బారావు, చెరువుగట్టు సుబ్బారావు. జనం పద్ధతి అది. పత్రాల్లో అయితే ఇంటిపేరు ఉండనే ఉంది.

ఈ పేరు ఎంత విరివిగా ఉండేదో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం ఆఖరు పదేళ్ళలో పుట్టినవాళ్ళను నలుగురిని చూస్తే చాలు. 1892లో రాయప్రోలు సుబ్బారావు పుట్టారు. 1895లో నండూరి సుబ్బారావు. 1899లో నాయని సుబ్బారావు. ముగ్గురూ కవులు. ముగ్గురూ భావకవిత్వం నాటివాళ్ళు. తెలుగు కవిత్వం ప్రబంధాల బరువు దించుకుని, ప్రేమ గురించీ ప్రకృతి గురించీ కొత్త గొంతుతో మాట్లాడిన కాలం అది. ఆ కొత్త గొంతుల్లో మూడింటికి ఒకే పాత పేరు. రాయప్రోలు తృణకంకణం రాశారు. నండూరి ఎంకి పాటలు కట్టారు. నాయని సౌభద్రుని ప్రణయయాత్ర రాశారు. తెలుగు పాఠం చదివే విద్యార్థికి ఇప్పటికీ ఇది తలనొప్పే. ఏ సుబ్బారావు ఏది రాశారో ఇంటిపేరుతో గుర్తుపెట్టుకోవాలి.

వాళ్ళకంటే ఒక తరం ముందు, 1863లో పుట్టినవారు వావిలికొలను సుబ్బారావు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నారు. కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముడి గుడి పాడుపడి ఉంటే, టెంకాయ చిప్ప చేతపట్టుకుని ఊరూరా తిరిగి, బిచ్చమెత్తి ఆ గుడిని బాగుచేయించారు. పేరు సుబ్బరాయుడిది, సేవ రాముడికి. 1902లో రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఆయన నాయకత్వంలోని ధర్మాసనానిదే. ఆ తర్వాతి తరాల్లో, రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 దాకా ఉన్న దువ్వూరి సుబ్బారావు ఉన్నారు.

పైన చెప్పిన నలుగురిలో నాలుగో మనిషి మిగిలారు. నండూరి పుట్టిన 1895లోనే, భీమవరంలో పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు. ఈ పేరు ఎంత దూరం వెళ్ళిందో ఆయన కథ చెబుతుంది.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో, గాంధీగారి పిలుపు విని, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళారు. దొర ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు రాసినా పూర్తి డిగ్రీ రాలేదు, కింది స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. తర్వాత అమెరికా వెళ్ళి, బోస్టన్‌లోని హార్వర్డులో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. గాజు గొట్టంలో నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో వచ్చిన ఆ పద్ధతికి ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని పేరు. ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రయోగశాలల్లోనో, తెలుగు ముక్క రాని విద్యార్థులు ఈ పేరు పలికారు.

కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని గుర్తించడంలో ఆయన చెయ్యి ఉంది. తర్వాత లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు నాయకుడయ్యారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు జబ్బుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, పిల్లల రక్త క్యాన్సరుకు మొదటి మందులు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఇవన్నీ ఆయన నడిపించిన ప్రయోగశాల నుంచి వచ్చినవే. బోదకాలు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది గోదావరి జిల్లాలను పీడించిన జబ్బు. ఏ నేలలో ఆయన పేరు పుట్టిందో, ఆ నేలకే ఆ మందు బిళ్ళలు తిరిగివచ్చాయి. 1948 ఆగస్టులో ఆయన చనిపోయారు.

ఇక్కడ పేరుకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఆయన ఇంటిపేరు యల్లాప్రగడ. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. అమెరికా పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది, వెనక వచ్చేది ఇంటిపేరు. దాంతో యల్లాప్రగడ ఒక్క అక్షరానికి తగ్గిపోయింది. సుబ్బారావే ఇంటిపేరు అయి కూర్చుంది. ఆయన పోయాక ఒక బూజు జాతికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. పుట్ట దగ్గర పాలు పోసి పిలిచిన పేరు, గ్రీకు తోక తగిలించుకుని జీవశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది.

ఇంత పేరు మోసిన పేరే కొంతకాలానికి నవ్వులపాలైంది. ఎక్కువమందికి ఉన్న పేరుకు అదే గతి. హాస్యకథలో గుమాస్తా కావాలా? సుబ్బారావు. పెళ్ళాం చేత చీవాట్లు తినే మొగుడు కావాలా? సుబ్బారావు, లేదా అతని అన్నదమ్ముడి లాంటి అప్పారావు. ఊరూ పేరూ లేని మామూలు మనిషి గురించి చెప్పాలంటే, ఏ సుబ్బారావో అప్పారావో అనడం మాటతీరైపోయింది.

ఆడపిల్ల పేరుకు సామెత తగులుకుంది. సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చిందంటారు. ఒకరి సంబరం ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే మాట. గురజాడ కన్యాశుల్కంలో సుబ్బి అనే చిన్నపిల్ల ఉంది. డబ్బు కోసం ఆ పిల్లను ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టాలని తండ్రి అగ్నిహోత్రావధాన్లు పట్టుబడతాడు. అది చూడలేక నూతిలో పడే తల్లి పేరు వెంకమ్మ. సామెతకు ఇంతకంటే సరిపోయే కథ ఉండదు. నాటకాన్ని చూసి సామెత పుట్టిందా, సామెతను చూసి గురజాడ పేర్లు పెట్టారా అని తర్కించుకోవడం పండితులకు కాలక్షేపం. ఒకటి మాత్రం చెప్పవచ్చు. సామెతలో చావుకొచ్చిన ఆ ఎంకికి, తెలుగు పాటలో చావులేని బతుకు ఇచ్చినవాడు ఒక సుబ్బారావు. నండూరి సుబ్బారావు. అక్కడికి లెక్క సరిపోయింది.

ఈ కాలంలో ఉయ్యాలలో పిల్లవాడికి సుబ్బారావు అని పేరు పెట్టేవాళ్ళు అరుదు. తాత పేరు తప్పనిసరిగా పెట్టవలసివస్తే ముందో వెనకో చిన్నగా కలుపుతారు. పిలవడానికి ఇంకో పేరు చూస్తారు. పొడుగు పేరు సుబ్రహ్మణ్యం కొంచెం మెరుగ్గా నిలబడింది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆ పేరును ఇంటింటి రేడియోలో మోగించారు. 2015లో ఎవడే సుబ్రహ్మణ్యం అనే సినిమా కూడా వచ్చింది. ఎవడే సుబ్బారావు అని పేరు పెట్టి ఉంటే, అది హాస్య చిత్రమని ప్రేక్షకులు అనుకునేవారు.

అయితే దేవుడు ఎక్కడికీ పోలేదు. బళ్ళలో ఇప్పుడు హాజరు పిలిస్తే కార్తీక్‌లు పలుకుతారు, కార్తికేయలు పలుకుతారు, షణ్ముఖ్‌లు, స్కందలు పలుకుతారు. నలుగురివీ సుబ్రహ్మణ్యుడి పేర్లే. అంటే సుబ్బారావు పోయి ఇంకెవరో రాలేదు. అదే స్వామి బట్టలు మార్చుకుని వచ్చాడు. మారింది ఒక్కటే. కార్తికేయ అన్న పేరులో కృత్తికా నక్షత్రాలున్నాయి, షణ్ముఖ్ అన్న పేరులో ఆరు ముఖాలున్నాయి. రెండూ పురాణం నుంచి వచ్చినవి. సుబ్బారావు పేరులో పురాణం తక్కువ, పొలం గట్టు ఎక్కువ. చెవికి రాసిన పుట్టమన్ను ఆ ఒక్క పేరులోనే ఉంది.

మార్గశిర షష్ఠి నాడు మోపిదేవిలో, అత్తిలిలో, బిక్కవోలులో ఇప్పటికీ జనం బారులు తీరతారు. తల్లుల చంకల్లో ఉన్న పిల్లల పేర్లు కార్తీక్, షణ్ముఖ్. చెవులు కుట్టేటప్పుడు పిల్లవాడు గుక్కపట్టి ఏడిస్తే, పక్కనున్న నాయనమ్మ ఊరుకోబెడుతూ గర్భగుడి వైపు చూపిస్తుంది. అదిగో, సుబ్బరాయుడు చూస్తున్నాడు అంటుంది.